ఏడేళ్ల శిష్యులు, తొంభై ఏళ్ల గురువులు

హిజ్రీ 706లో, అంటే 1306–07 ప్రాంతంలో, డమాస్కస్ హదీసు పండితులకు ఒక పాత పట్టీలో ఒక పేరు కనబడింది. బాగ్దాద్ నుంచి వచ్చిన జబీదీ అనే వృద్ధ గురువు దగ్గర హిజ్రీ 630లో సహీహ్ బుఖారీని, అంటే బుఖారీ అనే పండితుడు కూర్చిన హదీసుల (ప్రవక్త మాటలు, చేతలు తెలిపే కథనాల) గ్రంథాన్ని, విన్నవాళ్ల పట్టీ అది. అప్పటికి 76 ఏళ్లు గడిచాయి. అందులో ఉన్న అహ్మద్ బిన్ అబీ తాలిబ్ అనే కుర్రవాడు ఇంకా బతికే ఉన్నాడని తేలింది. అతను పండితుడు కాదు. రాతిపని అతని వృత్తి, అందుకే హజ్జార్ అని పేరు. ఆనాటి నుంచి 1329 చివర్లో చనిపోయేదాకా పండితులు ఆయన్ని వదల్లేదు. డమాస్కస్‌లో, కైరోలో, హమాలో, బాల్‌బెక్‌లో ఆయన్ని కూర్చోబెట్టి ఆ గ్రంథాన్ని 70 సార్లకు పైగా చదివారు.

రాళ్లు చెక్కే మనిషి దగ్గర పండితులకు ఏం పని? గ్రంథం ప్రతులు దొరుకుతూనే ఉన్నాయి. అర్థం విప్పి చెప్పగలవాళ్లు ఆ ఊళ్లోనే చాలామంది ఉన్నారు. ఆయన దగ్గర ఉన్నదల్లా, ఆ మాటలు చిన్నప్పుడు తన చెవిన పడ్డాయన్న రుజువు. మధ్యయుగ ఇస్లామీ విద్యలో గురుశిష్య సంబంధం ఒకటి కాదు, రెండు. మాట ఒక నోటి నుంచి మరో చెవికి చేరే సంబంధం ఒకటి. అర్థం ఒంటబట్టే సంబంధం ఇంకొకటి. రెంటికీ గురువులు వేరు, వయసులు వేరు, నియమాలు వేరు. ఒకదాన్ని రెండోదాని కొలతతో కొలిస్తే హజ్జార్ కథ తమాషాగా కనబడుతుంది. దాని సొంత కొలతతో చూస్తే చాలా లెక్కగా నడిచిన వ్యవహారం.

మొదటి సంబంధానికి మూలం సనదు. తెలుగునాట సనదు అంటే నవాబుల కాలపు హక్కుపత్రం గుర్తొస్తుంది. అరబ్బీలో ఆ మాటకు అసలు అర్థం ఊత, ఆనుకునేది. ముహమ్మద్ ప్రవక్త మాటనో చేతనో తెలిపే హదీసుకు ఊత, దాన్ని ఒకరికొకరు చెప్పుకుంటూ వచ్చిన మనుషుల వరుస. ఆ వరుసలో మనిషి పెరిగిన కొద్దీ పొరపాటు దూరడానికి ఒక సందు పెరుగుతుంది. అందుకని తక్కువమందితో మూలాన్ని అందుకునే సనదును ‘ఆలీ’, అంటే ఎత్తయినది, అన్నారు. ఎక్కువమంది మీదుగా వచ్చేది ‘నాజిల్’, కిందికి దిగినది.

వరుసలో మనుషులు తగ్గాలంటే దారి ఒక్కటే. మరణానికి దగ్గరపడ్డ ముసలివాడి ముందు చిన్నపిల్లవాణ్ని కూర్చోబెట్టాలి. ఆ పిల్లవాడు నిండా బతికి, తన చివరి రోజుల్లో మరో పిల్లవాడికి వినిపించాలి. హజ్జార్ వరుసనే చూస్తే ఈ ఎత్తు ఎంత బాగా పారిందో తెలుస్తుంది. బుఖారీ చనిపోయింది 870లో. ఆయన దగ్గర విన్న ఫిరబ్రీ 932 దాకా ఉన్నాడు. ఫిరబ్రీ దగ్గర విన్న హమ్మూయీ సరఖ్సీ హిజ్రీ 381లో (991–92) పోయాడు. అక్కడిదాకా వినేవాళ్లు యువకులే. ఆ తర్వాత పద్ధతి మారింది. హమ్మూయీ దగ్గర విన్న దావూదీ హిజ్రీ 374లో పుట్టాడు. గురువు పోయిన ఏడాదే, ఏడేళ్ల వయసులో విన్నాడు. దావూదీ దగ్గర హిజ్రీ 465లో విన్న అబుల్ వఖ్త్ వయసు కూడా ఏడే. ఆయన 1158లో బాగ్దాద్‌లో పోయేనాటికి అక్కడి శిష్యుడు జబీదీకి ఏడో ఎనిమిదో ఏళ్లు. జబీదీ దాదాపు 85 ఏళ్ల వయసులో డమాస్కస్ వచ్చి వినిపిస్తే విన్న కుర్రవాడు హజ్జార్. హజ్జార్ దగ్గర విన్న పిల్లల్లో ఆయిషా బింత్ అబ్దుల్ హాదీ హిజ్రీ 723లో పుట్టింది, హజ్జార్ పోయేనాటికి ఆమెకు ఏడేళ్లు. ఆమె 1413 దాకా బతికింది. బుఖారీ మరణానికీ ఆమె మరణానికీ మధ్య 543 ఏళ్లు, బుఖారీ తర్వాత ఆమెతో కలిపి ఏడుగురే మనుషులు. ఒక్కొక్కరు దాదాపు 78 ఏళ్ల దూరాన్ని మోశారన్నమాట.

ఇది కాకతాళీయం కాదు, తల్లిదండ్రులు పనిగట్టుకుని చేయించినది. అబుల్ వఖ్త్‌ను వాళ్ల నాన్న హెరాత్ నుంచి దావూదీ ఉండే బూషంజ్‌కు నడిపించి తీసుకెళ్లాడు. దారిలో పిల్లవాడి చేతుల్లో రెండు రాళ్లు పెట్టాడట. అలసిపోయాడనిపించినప్పుడు ఒకటి పారెయ్యమనేవాడు, ఒళ్లు తేలికై పిల్లవాడు ఇంకొంత దూరం నడిచేవాడు. మళ్లీ నీరసించాక రెండోది. ఇక కాళ్లు ఆడనప్పుడు భుజానికెత్తుకునేవాడు. ఆ ఒక్క ప్రయాణమే ఆయన్ని తొంభై దాటిన వయసులో బాగ్దాద్‌కు కావలసినవాణ్ని చేసింది.

వినడానికి కనీస వయసెంత అన్నదానిపై వాదాలు నడిచాయి. ఆవుకూ గాడిదకూ తేడా తెలిస్తే చాలన్నాడు మూసా బిన్ హారూన్ అనే పండితుడు. చివరికి ఐదేళ్లు అన్నది వాడుకలో స్థిరపడింది. ప్రవక్త తన ముఖం మీద నీళ్లు పుక్కిలించిన సంగతి తనకు ఐదేళ్లప్పుడు జరిగినా గుర్తుందని మహమూద్ బిన్ రబీ చెప్పిన కథనం దానికి ఆధారం. ఐదు నిండినవాళ్ల పేరు పక్కన ‘సమిఅ’ (విన్నాడు) అని, అంతకన్నా చిన్నవాళ్ల పక్కన ‘హదర’ (ఉన్నాడు) అని రాసేవారు. మన బడుల్లో పిలిచే హాజరు ఈ రెండో మాటకు చుట్టమే. ధాతువు ఒకటే. విన్నవాడికీ హాజరైనవాడికీ మధ్య ఈ గీత గీయడంలోనే ఆ వ్యవస్థ నిజాయితీ ఉంది. చంటిపిల్లల్ని తీసుకొచ్చారు సరే, వాళ్లకు అర్థమైందని ఎవరూ బుకాయించలేదు.

ఒక సభలో ఎవరెవరు ఉంటారు? మధ్యలో ‘ముస్మిఅ’, అంటే వినిపించే హక్కున్న గురువు. ఆయన పక్కన ‘ఖారీ’, గ్రంథాన్ని గట్టిగా చదివేవాడు. చాలాసార్లు గురువు నోరు విప్పడు, వింటూ తప్పు దొర్లితే ఆపుతాడు, అంతే. చుట్టూ శ్రోతలు. వాళ్లలో ఆడవాళ్లు, పిల్లలు, బానిసలు కూడా ఉండేవారు. ఇంకొకడు పేర్లు రాసేవాడు. ఏ పూట ఎక్కడ ఆగారో అక్కడ ప్రతి అంచున ‘బలగ’ (ఇక్కడికి చేరింది) అని గుర్తు పెట్టేవారు. గ్రంథం పూర్తయ్యాక ఆ ప్రతి చివరి పుటలోనే పట్టీ రాసేవారు. గురువు పేరు, ఆయన సనదు, చదివినవాడి పేరు, శ్రోతల పేర్లు తండ్రితాతలతో సహా, పిల్లల వయసులు, ఎవరికి ఏ భాగం తప్పిపోయింది, ఎన్ని సభలు, ఏ చోటు, ఏ తేదీ, రాసినవాడి పేరు అన్నీ అందులో ఉండాలి. కింద గురువు తన చేత్తో ‘సహ్’, అంటే సరే, అని ధ్రువపరచాలి. హజ్జార్‌ను 76 ఏళ్ల తర్వాత వెతికి పట్టించింది ఇలాంటి కాగితమే.

తప్పులు ఎక్కడ జరిగేవో కూడా ఆ పండితులే రాసిపెట్టారు. జబీదీ వచ్చిన ఏడాదే డమాస్కస్‌లో తెరిచిన అష్రఫియ్యా హదీసు విద్యాలయానికి తొలి అధిపతి ఇబ్న్ సలాహ్ (మరణం 1245). ఈ శాస్త్రం నియమాలన్నీ ఒకచోట పేర్చినవాడు ఆయనే. ఖారీ వేగంగా చదివి అక్షరాలు మింగేస్తే ఏం చెయ్యాలి, వెనక కూర్చున్నవాడికి ఒకటి రెండు మాటలు వినబడకపోతే ఎలా, కునుకు పడితే, పక్కవాడితో మాట్లాడితే ఆ వినికిడి చెల్లుతుందా, ఇవన్నీ ఆయన చర్చించాడు. చిన్నచిన్నవి పోనిచ్చారు. అయినా ఆ లోటు పూడ్చడానికి, విన్నవాళ్లందరికీ మొత్తం గ్రంథానికి గురువు అనుమతి కూడా ఇచ్చేస్తే మంచిదన్నారు. గుంపు పెద్దదైతే గురువు మాటను ‘ముస్తమ్లీ’ అందుకుని దూరానికి వినబడేలా తిరిగి పలికేవాడు. ముస్తమ్లీ గొంతు మాత్రమే విన్నవాడు ‘గురువు దగ్గర విన్నాను’ అనవచ్చా అన్నది పెద్ద చిక్కు. మధ్యవర్తి పేరు చెప్పి తీరాలన్నదే గట్టి మాట.

సభలో ఒకవైపు వింటూ మరోవైపు వేరే కాగితం నకలు చేసుకునేవాళ్ల సంగతి ఇంకొకటి. కుర్రవాడిగా ఉన్న దారఖుత్నీని (మరణం 995) పక్కవాడు ఇదే అడిగాడు, రాసుకుంటూ కూర్చుంటే నీ వినికిడి ఎలా చెల్లుతుందని. ఇప్పటిదాకా గురువు ఎన్ని హదీసులు చెప్పాడో చెప్పు అన్నాడు దారఖుత్నీ. అతను చెప్పలేకపోయాడు. పద్దెనిమిది అని, ఒక్కొక్కటీ సనదుతో సహా వరుసగా అప్పజెప్పాడు దారఖుత్నీ. నియమం మాత్రం ఆయన్ని చూసి మారలేదు. అంత ధారణ అందరికీ ఉండదు కదా.

బొంకేవాళ్లను పట్టేది లెక్కలు. ఖాలిద్ బిన్ మఅదాన్ దగ్గర విన్నానని ఒకడు చెప్పుకుంటుంటే, ఏ ఏడాది విన్నావని ఇస్మాయీల్ బిన్ అయ్యాష్ అడిగాడు. హిజ్రీ 113 అన్నాడు అతను. అయితే ఆయన చనిపోయిన ఏడేళ్లకు విన్నావన్నమాట అన్నాడు ఇస్మాయీల్. ఇస్మాయీల్ లెక్కలో ఖాలిద్ 106లో పోయాడు. గురువుల పుట్టుక, మరణం, ప్రయాణాలు, మతిమరుపు మొదలైన సంవత్సరం, ఇవన్నీ నింపిన లావుపాటి చరిత్రకోశాలు పుట్టింది ఈ అవసరం కోసమే. ముసలితనంలో మతి తప్పిన గురువు దగ్గర అంతకు ముందు విన్నవి చెల్లుతాయి, తర్వాత విన్నవి చెల్లవు. కాబట్టి శిష్యుడు ఎప్పుడు విన్నాడన్నది తేలాలి.

ఎలా అందిందన్నది మాటలోనే తెలియాలి. గురువు చదవగా విన్నవాడు ‘హద్దసనా’ (మాకు చెప్పాడు) అంటాడు. ఒంటరిగా వింటే ‘హద్దసనీ’ (నాకు చెప్పాడు). శిష్యుడే చదివి గురువు విన్నదానికి చాలామంది వాడింది ‘అఖ్బరనా’ (మాకు తెలిపాడు). ఇబ్న్ సలాహ్ మొత్తం ఎనిమిది దారులు లెక్కపెట్టాడు. గురువు నోట వినడం, గురువుకు చదివి వినిపించడం, అనుమతి, ప్రతిని చేతికివ్వడం, ఉత్తరం రాయడం, ఇది నేను విన్నదేనని తెలియజేయడం, వీలునామాలో గ్రంథం ఇవ్వడం, చివరగా ఎవరిదో చేతిరాత దొరకడం. కిందికి దిగిన కొద్దీ బలం తగ్గుతుంది. ఆఖరిదైతే వినికిడి కిందికే రాదు, ఫలానావారి రాతలో చూశానని చెప్పుకోవాలి.

అసలు తగవంతా మూడోదాని మీద. ఇజాజత్ అంటే గురువు దగ్గర కూర్చోకుండానే, ఆయన గ్రంథాలను చెప్పే హక్కు పొందడం. ఇజాజత్ చెల్లేట్టయితే ప్రయాణాలెందుకు అని తొలితరం వాళ్లు కసిరారు. కానీ కాలం గడిచి, గ్రంథాల పాఠాలు స్థిరపడ్డాక అదే వాడుకైంది. ఊరు వెళ్లే పండితుడు ఒక అర్జీ కాగితం మీద బంధుమిత్రుల పిల్లల పేర్లు రాసుకుని వెళ్లేవాడు. అక్కడి గురువులు ఆ పేర్ల కింద అనుమతి రాసి సంతకం చేసేవారు. ఉయ్యాల్లోని పిల్లకు బాగ్దాద్ గురువు అనుమతి అలాగే దొరికింది. పుట్టబోయేవాళ్లకు కూడా ఇవ్వవచ్చని బాగ్దాద్ హదీసు పండితుడు ఖతీబ్ బగ్దాదీ అన్నాడు, ఇబ్న్ సలాహ్ ఒప్పుకోలేదు. ‘నా కాలంలో ఉన్న ప్రతివారికీ’ అని ఇచ్చే గంపగుత్త అనుమతి కూడా ఆయనకు నచ్చలేదు. అసలే బలం తక్కువైన ఇజాజత్ ఇంత వదులైతే మరీ పలుచనవుతుందని ఆయన అభిప్రాయం.

తన కాలపు గురువుల గురించి ఇబ్న్ సలాహ్ దాపరికం లేకుండా రాశాడు. పాత షరతులన్నీ పెడితే ఎవరూ నిలవరు. కాబట్టి గురువు ముస్లిం అయి, వయసు వచ్చినవాడై, మతి స్థిమితంగా ఉండి, బాహాటంగా చెడు నడతలో లేకుండా, ఆయన విన్నట్టు నమ్మదగిన చేతిరాతలో నమోదై, ఆయన గురువు ప్రతితో సరిపోయే ప్రతి నుంచి చదివితే చాలన్నాడు. హదీసులు అప్పటికే గ్రంథాల్లోకి ఎక్కాయి గనుక, ఇక ఈ వినికిడి సనదు తెగకుండా కాపాడుకోవడానికే. హజ్జార్ ఈ కొలతకు సరిగ్గా సరిపోయాడు. పాఠాన్ని కాగితం కాపాడుతుంది, మనిషి వరుసను కాపాడతాడు.

ఆడవాళ్లకు ఈ రంగంలో చోటు దొరకడానికీ ఇదే కారణం. న్యాయపీఠాలు, మదరసా కొలువులు వాళ్లకు అందలేదు. వినికిడికి మాత్రం కావలసింది చిన్నప్పటి హాజరు, నమోదు, దీర్ఘాయువు. అవి ఎవరికైనా ఒకటే. మక్కాలో స్థిరపడిన కరీమా మర్వజియ్యా దగ్గర ఖతీబ్ బగ్దాదీ హజ్ రోజుల్లో సహీహ్ బుఖారీని ఐదు రోజుల్లో చదివి వినిపించాడు. పునరుక్తులతో కలిపి 7 వేలకు పైగా హదీసులు! అంత వేగంలో అర్థం గురించిన చర్చకు వ్యవధి ఎక్కడిది? తన ప్రతితో సరిచూడనిదే ఎవరికీ చెప్పనివ్వదని కరీమాకు పేరు. ఆ సరిచూడటానికీ ఒక పద్ధతి ఉంది. రాసేటప్పుడు ఒక్కో హదీసు చివర ఖాళీ సున్న చుట్టాలి, మూలంతో పోల్చాక ఆ సున్నలో చుక్క పెట్టాలి. చుక్క లేని సున్న కనబడితే ఆ హదీసును ఎవరూ సరిచూడలేదని అర్థం.

ఇంత తంటా ఎందుకంటే అరబ్బీ లిపి అలాంటిది. చుక్కలు, స్వరచిహ్నాలు లేని రాతలో ఒక మాట మరో మాటగా మారడం తేలిక. ప్రవక్త మసీదులో చాపతో మరుగు కట్టుకున్నారని చెప్పే మాట ‘ఇహ్తజర’. ఇబ్న్ లహీఆ అనే హదీసు కథకుడు దాన్ని ‘ఇహ్తజమ’ అన్నాడు. అంటే మసీదులో కొమ్ముపెట్టి రక్తం తీయించుకున్నారని! గురువు నోట వినకుండా రాతలోంచి ఎత్తుకోవడమే ఈ పొరపాటుకు కారణమని ముస్లిం అనే పండితుడు తేల్చాడు. కాగితాలనే గురువుగా పెట్టుకున్నవాణ్ని ‘సుహుఫీ’ అని ఎగతాళి చేసేవారు. ఈ తగవు వైద్యానికీ పాకింది. 1049 ప్రాంతంలో కైరోకు వచ్చిన బాగ్దాద్ వైద్యుడు ఇబ్న్ బుత్లాన్, సొంతంగా పుస్తకాలతో చదువుకున్న ఇబ్న్ రిద్వాన్‌తో రాతల్లో తలపడ్డాడు. గురువు నోటి చదువే మేలనడానికి అతను చూపిన కారణాల్లో రాతలోని అక్షరదోషాలు ఒకటి.

ఇక రెండో సంబంధం సంగతి. ధర్మశాస్త్రంలో (ఫిఖ్‌లో) ఏడేళ్ల శిష్యుడు పనికిరాడు, ఐదు రోజులు సరిపోవు. దీన్ని ‘సుహ్బత్’ అన్నారు, అంటే వెంట ఉండటం. హనఫీ ధర్మశాఖకు మూలపురుషుడైన అబూ హనీఫా కూఫాలో హమ్మాద్ అనే గురువు దగ్గర పదేళ్లు చదివాక సొంత పీఠం పెట్టుకోవాలనుకున్నాడు. ఆ రోజుల్లోనే హమ్మాద్ రెండు నెలలు ఊరెళ్లాడు. ఆ రెండు నెలల్లో అబూ హనీఫా గురువు నోట వినని 60 ప్రశ్నలకు జవాబు చెప్పి, అవన్నీ రాసిపెట్టి, హమ్మాద్ రాగానే చూపాడు. 40 సరే అన్నాడు గురువు, 20 తప్పన్నాడు. ఆయన పోయేదాకా కదలనని అబూ హనీఫా ఒట్టు పెట్టుకున్నాడు. మొత్తం 18 ఏళ్లు. ఇక్కడ పరీక్ష జ్ఞాపకానికి కాదు, ఎదురుకాని ప్రశ్నకు జవాబు కట్టగలడా అన్నదానికి.

అందుకే గురువును ఎంచుకోవడానికే సమయం తీసుకోమన్నాడు విద్యార్థుల కోసం పుస్తకం రాసిన 1200 ప్రాంతపు జర్నూజీ. బుఖారాకు వెళ్తే వెంటనే ఎవరి దగ్గరా చేరవద్దు, రెండు నెలలు చూడమన్నాడు. మధ్యలో గురువును మారిస్తే అప్పటిదాకా పడ్డ కష్టానికి బరకత్ ఉండదని ఆయన భయం. గురువుకు విల్లంత దూరంలో కూర్చోవాలి. మొదట్లో పాఠం రెండుసార్లు తిప్పితే గుర్తుండేంతే తీసుకోవాలి. నిన్నటి పాఠం ఐదుసార్లు, మొన్నటిది నాలుగు, దాని ముందుది మూడు, ఆపైది రెండు, ఐదో రోజు కిందటిది ఒకసారి వల్లె వేయాలి. రోజుకు పదిహేను వల్లెవేతలు. ఏ పాఠమూ ఐదు రోజులు దాటకుండా జారిపోదు. డమాస్కస్, కైరోల్లో న్యాయాధికారిగా చేసిన ఇబ్న్ జమాఅ హిజ్రీ 672లో (1273–74) రాసిన పుస్తకంలో రోజును పంచాడు. కంఠస్థానికి తెల్లవారుజాము, చర్చకు పొద్దు, రాతకు మధ్యాహ్నం, చదవడానికీ కలిసి నెమరేసుకోవడానికీ రాత్రి.

గురువు పాఠాన్ని విని శిష్యుడు రాసుకునే నోట్సును ‘తఅలీఖా’ అనేవారు. తర్వాత పెద్ద పండితుడిగా పేరుపడ్డ గజాలీ కుర్రతనంలో జుర్జాన్ నుంచి తిరిగొస్తుంటే దొంగలు సామానుతో పాటు దాన్నీ పట్టుకెళ్లారు. అందులో నా చదువుంది, ఇచ్చెయ్యమని ఆయన వాళ్ల వెంట పడ్డాడు. మేం తీసుకుంటే పోయేది చదువెలా అవుతుందని దొంగల నాయకుడు నవ్వి తిరిగిచ్చేశాడట. ఇంటికెళ్లి మూడేళ్లు కూర్చుని దాన్నంతా కంఠస్థం చేశాడు గజాలీ. తర్వాత నిషాపూర్‌లో జువైనీ దగ్గర చేరాడు. 1085లో జువైనీ పోయినప్పుడు ఆయన శిష్యులు 400 మంది దాకా తమ కలాలు, సిరాబుడ్లు పగలగొట్టి ఏడాది పాటు అలాగే ఉండిపోయారని రాశారు. లెక్క కాస్త పెరిగి ఉండొచ్చు గానీ, హజ్జార్ లాంటి గురువు కోసం ఎవరూ సిరాబుడ్లు పగలగొట్టలేదు.

1067లో బాగ్దాద్‌లో తెరిచిన నిజామియ్యా వంటి మదరసాలు ఈ రెండో సంబంధానికి వక్ఫ్ (ధర్మానికి రాసిచ్చిన ఆస్తి) ఆదాయంతో గది, భత్యం కల్పించాయి. 1091లో గజాలీ అక్కడే గురుపీఠం ఎక్కాడు. 1234లో తెరిచిన ముస్తన్సిరియ్యాలో నాలుగు ధర్మశాఖలకూ ఒక్కో ముదర్రిస్ (పాఠం చెప్పే గురువు), ఒక్కో శాఖలో 62 మంది విద్యార్థులు, అంటే మొత్తం 248. పాఠం అయ్యాక దాన్ని విద్యార్థులతో తిరగేయించేవాడు ‘ముయీద్’, ఒక్కో శాఖకు నలుగురు. అయినా యోగ్యతాపత్రం మదరసా పేరు మీద రాలేదు. పాఠం చెప్పే అనుమతి, ఫత్వా ఇచ్చే అనుమతి రాసిచ్చింది గురువే, తన సొంత చేత్తో, తన పేరుతో. గోడలు జీతమిస్తాయి, హక్కు మనిషి ఇస్తాడు.

ఈ వ్యవహారమంతా ముద్రణలోకి రావడంలో హైదరాబాదుకు పెద్ద పాత్ర ఉంది. 1888లో ఏర్పడి, ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో ఉన్న దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ, ఇబ్న్ జమాఅ పుస్తకాన్ని 1934లో అచ్చువేసింది. వినికిడి నియమాల మీద ఖతీబ్ బగ్దాదీ రాసిన కిఫాయాను 1938లో అచ్చువేసింది. హజ్జార్ జీవితం ఉన్న ఇబ్న్ హజర్ చరిత్రకోశం అంతకు ముందే, హిజ్రీ 1348–50 మధ్య, ఇక్కడి నుంచే వెలువడింది.

ఆ ఇబ్న్ హజర్ 1400లో కైరో నుంచి డమాస్కస్‌కు వచ్చి, వంద రోజులు ఉండి, దొరికిన వృద్ధులందరి దగ్గరా వరసబెట్టి చదువుకున్నాడు. ఆయిషా దగ్గరా చదివాడు. అప్పటికే ఆమెకు డెబ్బై తొమ్మిదేళ్లు. ఆయన వెళ్లిన కొద్ది నెలలకు, 1401 మొదట్లో, తైమూరు ఆ ఊరిని తగలబెట్టాడు. ఆమె బతికి బయటపడి మరో పన్నెండేళ్లు వినిపించింది. 1413లో ఆమె పోవడంతో, హజ్జార్ ఎదుట బుఖారీ విన్నామని చెప్పగలవాళ్లు లోకంలో ఎవరూ మిగల్లేదు.